వేళాంగణి ఆరోగ్యమాత క్షేత్రం: ఏ వరుసలో చూడాలి, ఎప్పుడు వెళ్లాలి

మరియమాతను ఆరోగ్యమాతగా కొలిచే కతోలిక పుణ్యక్షేత్రం వేళాంగణి, తమిళనాడు తీరంలో నాగపట్నానికి దక్షిణంగా 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన విచారణల (పారిష్‌ల) నుంచి ఏటా బస్సులు కట్టుకుని వెళ్లేవాళ్లలో చాలామంది పెద్ద గుడిలో పీఠం ముందు మోకరించి, కొవ్వొత్తి వెలిగించి, సముద్రం చూసి వచ్చేస్తారు. అలా చూస్తే క్షేత్రంలో సగం కూడా చూసినట్టు కాదు. ఇక్కడి చరిత్ర మూడు చోట్ల పరుచుకుని ఉంది. అది జరిగిన వరుసలోనే నడవాలి.

మొదట మాతాకుళం. పాలు పోసే కుర్రాడు చెరువు పక్కన మర్రిచెట్టు కింద సేద తీరుతుంటే, బిడ్డనెత్తుకున్న అమ్మ పాలడిగిందన్నది ఇక్కడి సంప్రదాయం. తర్వాత నడుతిట్టు. మజ్జిగ అమ్మే కుంటి పిల్లవాడికి నడక వచ్చిందని చెప్పే చోటు ఇదే. ఆరోగ్యమాత అన్న పేరుకు మూలం ఈ స్వస్థతే, మొదటి పూరిపాక గుడి వెలిసిందీ ఇక్కడే. మూడోది పెద్ద గుడి. 17వ శతాబ్దంలో తుపానులో చిక్కి ఒడ్డుకు చేరిన పోర్చుగీసు నావికులు మొక్కు తీర్చుకోవడానికి పూరిపాకకు బదులు పక్కా గుడి కట్టారని చెబుతారు. వాళ్లు ఒడ్డు చేరింది సెప్టెంబరు 8న, మరియమాత జన్మదిన పండుగ రోజున. పండుగ నేటికీ ఆ తేదీకే ముగుస్తుంది. పీఠం దగ్గర బైబిలు దృశ్యాలున్న పింగాణీ పలకలు వాళ్లు తెచ్చి అమర్చినవే. హడావిడిలో ఎవరూ వాటిని చూడరు, అక్కడ ఓ నిమిషం ఆగండి.

అప్పటికింకా ఇది నాగపట్నం గురువుల (ఫాదర్ల) కింద ఉన్న ఉపగ్రామం. 1771లో సొంత విచారణ అయింది. అసలు మార్పు మాత్రం 20వ శతాబ్దంలో వచ్చింది. యాత్రికులు పెరిగేకొద్దీ గుడి చాలక, 1928 తర్వాత పెంచారు, 1933లో రెండు పక్కలా రెక్కలు కట్టారు. 1962లో పోపు 23వ జాన్ బసిలికా (పోపు ప్రత్యేక గౌరవమిచ్చే గుడి) హోదా ఇచ్చారు. 1970ల్లో వెనుక వైపు రెండంతస్తుల గుడి వచ్చింది. అందుకే ముందు నుంచి చూస్తే ఒకలా, వెనక నుంచి మరోలా కనిపిస్తుంది. ఒక్క నమూనాతో కట్టిన గుడి కాదు, భక్తుల రద్దీయే దాన్ని దఫదఫాలుగా పెంచింది. నాకు ఇందులో నచ్చేదీ అదే. పై నుంచి వచ్చిన హోదా కన్నా ముందే జనం దీన్ని పుణ్యక్షేత్రం చేశారు.

పెద్ద గుడికీ మాతాకుళానికీ మధ్య ఇసుక దారి ఉంది. మొక్కున్నవాళ్లు దాని మీద మోకాళ్లతో నడుస్తారు. తెల్లవారుజామునే చేయండి. ఎండెక్కాక ఇసుక కాలిపోతుంది, మోకాళ్లు బొబ్బలెక్కి మధ్యలో ఆపేయాల్సి వస్తుంది. దారి పొడవునా సిలువ మార్గం (యేసు సిలువ మోసిన ఘట్టాలు), జపమాల రహస్యాల దృశ్యాలు ఉన్నాయి కాబట్టి మోకాళ్ల మొక్కు లేనివాళ్లు నడుస్తూ జపమాల చెప్పుకోవచ్చు. స్వస్థత పొందినవాళ్లు ఇచ్చిన వెండి, బంగారు కానుకల ప్రదర్శనశాలను వదలకండి.

పండుగ ఆగస్టు 29న పతాకావిష్కరణతో మొదలవుతుంది. ఆ సాయంత్రం, మళ్లీ సెప్టెంబరు 7 రాత్రి పెద్ద రథోత్సవం అప్పుడు రద్దీ విపరీతం. చిన్నపిల్లలు, వృద్ధులు ఉంటే పతాకం ఎక్కిన మర్నాటి నుంచి 5వ తేదీ లోపు మామూలు రోజుల్లో రండి, నవదిన ప్రార్థనల్లోనూ పాల్గొన్నట్టవుతుంది. పండుగతో పనిలేకపోతే జనవరి, ఫిబ్రవరి నెలలు హాయి. తెలుగు దివ్యబలిపూజ (మాస్) వేళ రోజును బట్టి మారుతుంది. దిగగానే క్షేత్ర కార్యాలయంలో అడిగి, ఆ సమయం చుట్టూ మిగతా పనులు పెట్టుకోండి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) తెలుగులో చేయాలన్నా అక్కడే అడగాలి.

గదులకు క్షేత్రం వసతిగృహాలే మేలు. బస్టాండు దగ్గర ఎదురొచ్చి గది చూపిస్తామనేవాళ్ల వెంట వెళ్లొద్దు. పండుగకు సికింద్రాబాద్ నుంచి ప్రత్యేక రైళ్లు నడిపిన ఏళ్లున్నాయి. అవి లేని రోజుల్లో చెన్నై మీదుగా నాగపట్నం చేరి బస్సెక్కాలి. వెళ్లే టికెట్ కన్నా తిరుగు టికెట్ దొరకడమే కష్టం, రెండూ ఒకేసారి తీసుకోండి.

సముద్రంలో మాత్రం దిగొద్దు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ ఒడ్డునే ఎందరో యాత్రికులను తీసుకుపోయింది. అలలు నిమ్మళంగా కనిపించే రోజుల్లో కూడా పిల్లల చెయ్యి వదలకండి.