సీ1 లైసెన్సు, రెండు గుర్రాలు, నాలుగేళ్లు

మేముండేది ఇంగ్లండులో న్యూమార్కెట్ దగ్గర. రేసు గుర్రాలకు పుట్టిల్లు లాంటి ఊరు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంటే గుర్రాల వరస రోడ్డు దాటేదాకా కారు ఆపుకోవాల్సిందే. మావి మాత్రం రేసు గుర్రాలు కావు. మా అమ్మాయి పదేళ్లప్పుడు పోనీతో మొదలుపెట్టింది. ఇప్పుడు తనకో గుర్రం, మా ఆవిడకో గుర్రం. నేను ఎక్కను, నాకు భయం. వాటిని పోటీలకు తీసుకెళ్లి, తిరిగి తీసుకొచ్చే డ్యూటీ నాది. అందుకే 2022లో, నలభై ఆరేళ్ల వయసులో, సీ1 అనే, 7.5 టన్నుల దాకా నడిపే లారీ లైసెన్సుకి కూర్చున్నాను. అప్పటినుంచి పాత 7.5 టన్నుల హార్స్‌బాక్స్, అంటే గుర్రాలను ఎక్కించుకెళ్లే లారీ, నడుపుతున్నాను.

అంతకుముందు మా దగ్గర 3.5 టన్నుల బండి ఉండేది, అంటే ఎక్కించినవన్నీ కలిపి అంత బరువు దాటకూడదు. దానికి కారు లైసెన్సు చాలు, అందుకే కొన్నాం. అమ్మినాయన "రెండు గుర్రాలు హాయిగా పడతాయి" అన్నాడు. పట్టాయి, నిజమే. బరువు సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒకరోజు అనుమానం వచ్చి కాటా వేయించాను. ఖాళీ బండి 2,450 కిలోలు, రెండు గుర్రాలు కలిపి 1,080. అక్కడికే హద్దు దాటింది. మేం ముగ్గురం, జీనులు, నీళ్లు, గడ్డి అన్నీ ఎక్కితే 3,780. అంటే ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం చట్టాన్ని మీరి తిరుగుతున్నామన్నమాట. ఆ చీటీ చూశాక ఇక ఆ బండిలో నిశ్చింతగా ప్రయాణం లేదు.

ట్రైలర్ ఎందుకు తీసుకోలేదని చాలామంది అడుగుతారు. 2021 డిసెంబరు 16 నుంచి ఇక్కడ మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగొచ్చు, వేరే పరీక్ష అక్కర్లేదు. లాగగల కారు మీ దగ్గర ఉంటే, ఒక్క గుర్రమే అయితే, నిజం చెప్తున్నా, సీ1 జోలికి పోకండి. మా చిన్న కారు అంత బరువు లాగలేదు. పైగా వెనక ఊగే ట్రైలర్ అంటే నాకు లారీ కన్నా ఎక్కువ టెన్షన్.

ఇక అసలు కడుపుమంట. 1997 జనవరి 1కి ముందు కారు టెస్టు పాసైనవాళ్లకు 7.5 టన్నుల దాకా నడిపే హక్కు దానితోపాటే వచ్చేసింది, డెబ్బై ఏళ్లొచ్చేదాకా ఉంటుంది. మా గుర్రాలుండే యార్డులో ఒక పెద్దావిడ ఉన్నారు. ఎనభైల్లో చిన్న కారులో టెస్టు ఇచ్చారట, జన్మలో లారీ పాఠం నేర్చుకోలేదు. గేటు దగ్గర ఆమె రివర్స్ చేస్తుంటే మేం కోళ్లలా చెదిరిపోతాం. ఆమెకు హక్కు ఉంది, నాకు లేదు!

విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే మా మేనమామకు ఫోన్‌లో చెబితే నవ్వాడు. "ఏరా అల్లుడూ, ఏడున్నర టన్నులకి మళ్లీ పరీక్షేంట్రా? ఇక్కడ కారు లైసెన్సుతో తోలేస్తారు కదా!" ఆయన మాట తప్పు కాదు. మన మోటారు వాహనాల చట్టంలో లైట్ మోటారు వాహనం అంటే 7,500 కిలోల దాకా. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ లైసెన్సు చాలని తేల్చింది. అదే ఏడున్నర, అక్కడ కారుతో పాటు, ఇక్కడ లారీతో పాటు. అయితే మన లైసెన్సు ఇక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత కారు టెస్టు కూడా మొదటినుంచీ ఇవ్వాల్సిందే.

మొదటి మెట్టు మెడికల్. డీ4 అనే ఫారం డాక్టరు నింపాలి. బీపీ, షుగరు, గుండె కన్నా నన్ను ఆపింది కళ్లు. లారీకి చూపు కారు కన్నా మెరుగ్గా ఉండాలి, మంచి కన్నులో 6/7.5 రావాలి. నేను పాత కళ్లజోడుతో వెళ్లి ఆఖరి వరస దగ్గర తడబడ్డాను. కొత్త జోడు, మళ్లీ ఫీజు. తర్వాత కంప్యూటర్ పరీక్షలు రెండు. వంద ప్రశ్నల్లో 85 రావాలి, ప్రమాదాల వీడియోల్లో వందకి 67. వీడియోల్లో మాత్రం పిచ్చిగా క్లిక్ చేస్తే సున్నా ఇస్తుంది, జాగ్రత్త. సొంత గుర్రాలే తీసుకెళ్తాను, కిరాయి తీసుకోను కాబట్టి వృత్తి డ్రైవర్లకు ఉండే సీపీసీ పరీక్షలు నాకు పడలేదు. పక్కింటివాళ్ల గుర్రాన్ని డబ్బు తీసుకుని ఎక్కించుకుంటే లెక్క మారిపోతుంది.

నాలుగు రోజుల శిక్షణలో నాతోపాటు ఉన్నది అంబులెన్సులో ఉద్యోగానికి చేరబోతున్న కుర్రాడు. చాలా అంబులెన్సులకూ సీ1 కావాలి మరి. రివర్స్ పరీక్ష ఖాళీ స్థలంలో విడిగా ఉంటుంది, అది ఒక్కసారికే అయిపోయింది. రోడ్డు పరీక్ష మొదటిసారి పోయింది. ఎడమ మలుపులో వెనక చక్రం కాలిబాట అంచు ఎక్కింది. లారీలో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మాస్టారు పదిసార్లు చెప్పారు, పదకొండోసారి నేను ఎక్కించాను. రెండోసారి పాస్. మెడికల్, పరీక్షలు, శిక్షణ, రెండో టెస్టు కలిపి పదిహేను వందల పౌండ్లు పైనే అయింది.

ఈ చదువంతా పనికొచ్చిందా? అద్దాలు చూడటం, మలుపులు వెడల్పుగా తీసుకోవడం, ముందు ఏం జరగబోతోందో పసిగట్టడం, ఇవన్నీ వచ్చాయి. కానీ టెస్టు బండిలో కాళ్ల మీద నిలబడిన సరుకు ఉండదు. మొదటిసారి రెండు గుర్రాలతో రౌండబౌట్ తిరిగినప్పుడు అర టన్ను ప్రాణి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కాలు మార్చుకోవడం సీటులో తెలిసింది. నేను గట్టిగా బ్రేకు వేస్తే వెనక నుంచి డెక్క దెబ్బ వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగిపోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. డాష్‌బోర్డు మీద మూత తీసిన నీళ్ల గ్లాసు పెట్టుకున్నట్టు నడపాలి.

ఎత్తు ఇంకో బెంగ. మూడు మీటర్లు దాటిన బండిలో దాని ఎత్తు డ్రైవరుకు కనపడేలా రాసి ఉంచాలి. మాది 3.4. దగ్గర్లోని ఈలీలో స్టంట్నీ రోడ్డు రైల్వే వంతెన కింద తొమ్మిదడుగుల సందు. లారీలు గుద్దుకోవడానికి పేరుపడిన వంతెన అది. కారు నావిగేషన్ నమ్మి ఒకసారి ఆ దారి పట్టాను, వంతెన దాకా రాకముందే బోర్డు చూసి తిప్పుకున్నాను. మర్నాడే లారీల నావిగేషన్ కొన్నాను.

నాలుగేళ్లలో పెద్ద దెబ్బ టైరు. ఇలాంటి బండి వారమంతా యార్డులో నిలబడే ఉంటుంది, గాట్లు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు 2021 ఫిబ్రవరి నుంచి నిషేధం. అందుకని ముందువి మార్చాం, వెనకవి "ఇంకా కొత్తగానే ఉన్నాయి" అని వదిలేశాం. ఏ14 హైవే మీద ఒకటి పేలింది. అదృష్టం, పక్కనే ఆగే చోటు దొరికింది. గుర్రాలను రోడ్డు మీదికి దింపకూడదు. రెండున్నర గంటలు వాటికి గడ్డి పెడుతూ, మాటలు చెబుతూ మా అమ్మాయి లోపలే నిలబడింది. కారుకు తీసుకునే బ్రేక్‌డౌన్ పాలసీ ఇక్కడ పనికిరాదు. గుర్రాలను కూడా వేరే బండిలో తీసుకెళ్లే పాలసీ కావాలి. టైరు పక్కన తయారైన వారం, ఏడాది నాలుగంకెల్లో ఉంటాయి. పాత బండి కొనేముందు పెయింట్ కాదు, అవి చదవండి. ఏటా జరిగే టెస్టు కూడా కార్ల గ్యారేజీలో కాదు, లారీలకు చేసేచోటే. పాత డీజిల్ బండితో లండన్‌లోకి వెళ్తే కాలుష్య రుసుము రోజుకి వంద పౌండ్ల నుంచి మొదలు, మేం వెళ్లం.

రెండు గుర్రాలుండి నెలకి రెండుసార్లైనా బయటికి వెళ్లేవాళ్లకు ఈ లైసెన్సు పెట్టిన డబ్బుకు తగినదే. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేవాళ్లు కిరాయి బండి మాట్లాడుకోవడం మేలు. నలభై ఐదు దాటినవాళ్లకు ప్రతి ఐదేళ్లకీ మెడికల్ ఉంటుంది. నాకు వచ్చే ఏడాది. ఈసారి కళ్లజోడు ముందే మార్పించుకున్నాను.