జావా డెస్క్‌టాప్‌లో డేటా బైండింగ్: కాంటా గదికి ఏది నిలబడుతుంది?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు కాంటా సాఫ్ట్‌వేర్ రాసేవారికి డేటా బైండింగ్, అంటే తెర మీది ఫీల్డునూ ప్రోగ్రాంలోని విలువనూ ఒకదానికొకటి కట్టడం, రోజూ ఎదురయ్యే పని. వడ్ల లారీ కాంటా ఎక్కితే లోడు బరువు, సరుకు దించాక ఖాళీ బరువు, రెండింటి తేడాగా నికర బరువు, వాటి పక్కన తేమ శాతం, బస్తాల సంఖ్య ఒకే తెర మీద ఉంటాయి. తెర మీద కనిపించే అంకె, ప్రోగ్రాం లోపల ఉన్న అంకె ఏ క్షణంలోనూ వేరు కాకూడదు, ఎందుకంటే ఆ అంకెలతో ఇచ్చే తూకం చీటీ మీద రైతు డబ్బు ఆధారపడి ఉంటుంది. జావాలో ఇందుకోసం ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి: జావాలోని పాత తెర టూల్‌కిట్ అయిన స్వింగ్ మీద జేగూడీస్ బైండింగ్, జేఎస్ఆర్ 295 అనే జావా ప్రమాణ ప్రతిపాదనగా మొదలైన బీన్స్ బైండింగ్, ఎక్లిప్స్ ప్రాజెక్టులోని జేఫేస్ డేటా బైండింగ్, జావాఎఫ్ఎక్స్ అనే మరో తెర టూల్‌కిట్‌లోని ప్రాపర్టీలు. ఆపరేటర్ అంకెను తప్పుగానో సగమో కొట్టినప్పుడు ఏం జరుగుతుంది, కాంటా నుంచి బరువు వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే మరో పని వరుసలో) వచ్చినప్పుడు ఏం జరుగుతుంది అన్న రెండు ప్రశ్నలతోనే నేను వీటిని పరిశీలించాను.

బీన్స్ బైండింగ్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. 2006లో ప్రతిపాదించిన ఈ ప్రమాణం తుది రూపానికి ఎన్నడూ రాలేదు. నెట్‌బీన్స్ 6 ఫారం డిజైనర్‌లో దీనికి మద్దతు ఉండడం వల్ల అప్పట్లో చాలా ప్రాజెక్టుల్లోకి చేరింది. టెక్స్ట్ ఫీల్డులోని విలువ ప్రతి అక్షరానికీ మోడల్‌కు (ప్రోగ్రాం లోపలి డేటాకు) చేరాలా, ఫీల్డు నుంచి కర్సర్ బయటికి వెళ్లాకే చేరాలా అని ఎంచుకునే వీలు ఇందులో ఉంది, అది మంచి ఆలోచన. అయితే ప్రాపర్టీ పేర్లను స్ట్రింగులుగా (ఉత్త అక్షరాలుగా) రాయాలి కనుక, క్లాసులో పేరు మార్చి బైండింగ్‌లో మార్చడం మరిచిపోతే కంపైలర్ పట్టుకోదు. నిర్వహించేవారు లేని లైబ్రరీని కొత్త పనికి తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

జేగూడీస్ పద్ధతి అంతకన్నా నిదానమైనది, గట్టిది. స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చిన వాల్యూ మోడల్ భావన దీనికి మూలం. ప్రతి విలువనూ ఒక చిన్న వస్తువుగా చూసి, ఫీల్డునూ బీన్‌నూ (డేటాను దాచే జావా వస్తువునూ) ఆ చిన్న వస్తువుకే కడతారు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది బఫర్డ్ వాల్యూ మోడల్. ఆపరేటర్ ఫారంలో కొట్టిన అంకెలన్నీ బఫర్‌లో ఆగి, 'సేవ్' నొక్కినప్పుడే బీన్‌లోకి వెళ్తాయి, 'రద్దు' నొక్కితే బీన్‌ను ముట్టుకోకుండానే పోతాయి. రెండోసారి తూకానికి లారీ రావడం ఆలస్యమై ఆపరేటర్ చీటీని మధ్యలో వదిలేసే సందర్భాలు కాంటా గదిలో మామూలే కాబట్టి ఇది చాలా విలువైన సౌకర్యం. ఇక్కడ కూడా పేర్లు స్ట్రింగులే, థ్రెడ్ జాగ్రత్త పూర్తిగా మనదే.

ఆ జాగ్రత్త ఎందుకో చెప్పాలి. కాంటా ఇండికేటర్ సీరియల్ పోర్టు గుండా బరువును ఆగకుండా పంపుతూనే ఉంటుంది, దాన్ని చదివేది నేపథ్యంలో నడిచే థ్రెడ్. స్వింగ్ భాగాలను మాత్రం తెరను నడిపే ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్‌లోనే మార్చాలి. సీరియల్ థ్రెడ్ నేరుగా బీన్‌ను మారిస్తే, బైండింగ్ ఆ మార్పును అదే థ్రెడ్‌లో లేబుల్ దాకా మోసుకుపోతుంది, ఏ హెచ్చరికా రాదు. చదివిన ప్రతిసారీ ఇన్వోక్ లేటర్ ద్వారా ఆ తెర థ్రెడ్‌కు పంపడం తప్పనిసరి.

ఈ విషయంలో జేఫేస్ అందరికన్నా నిక్కచ్చి. ప్రతి అబ్జర్వబుల్‌కూ (బైండింగ్ గమనించే విలువకూ) ఒక రెల్మ్, అంటే దాన్ని ముట్టుకోదగ్గ థ్రెడ్, ఉంటుంది, వేరే థ్రెడ్ నుంచి ముట్టుకుంటే అక్కడికక్కడే ఎక్సెప్షన్ వస్తుంది, తప్పు మిల్లు దాకా రాకుండా మన టేబుల్ మీదే బయటపడుతుంది. తనిఖీలోనూ అంతే శ్రద్ధ కనిపిస్తుంది. ఫీల్డు నుంచి తీసిన విలువను మార్చడానికి ముందు, మార్చాక, మోడల్‌లో పెట్టేముందు విడివిడిగా తనిఖీ చేసుకోవచ్చు. ప్రభుత్వ కొనుగోలు నిబంధన ప్రకారం వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. కానీ 18 వచ్చినంత మాత్రాన తూకం ఆపలేము, విలువ నమోదు కావాలి, హెచ్చరికా కనిపించాలి. జేఫేస్‌లో ఆ తనిఖీ ఫలితాన్ని వార్నింగ్‌గా ఇస్తే విలువ మోడల్‌లోకి వెళ్తుంది, ఎర్రర్‌గా ఇస్తే వెళ్లదు. ఈ తేడాను ఇంత చక్కగా పలికించే పద్ధతి మిగతా మూడింటిలో లేదు. దీని భారమల్లా ఇది ఆధారపడే ఎస్‌డబ్ల్యూటీ అనే తెర టూల్‌కిట్: ఒక్కో ఆపరేటింగ్ సిస్టంకు ఒక్కో లైబ్రరీ చేర్చాలి, పాత స్వింగ్ తెరలు దీనికి పనికిరావు.

జావాఎఫ్ఎక్స్‌లో బైండింగ్ టూల్‌కిట్‌లోనే పుట్టింది, రాయడానికి ఎంతో హాయిగా ఉంటుంది. నికర బరువు కావాలంటే లోడు ప్రాపర్టీలోంచి ఖాళీ ప్రాపర్టీని తీసివేస్తే చాలు. పేర్లను కంపైలరే చూసుకుంటుంది. బైండ్ చేసిన విలువను ఎవరైనా విడిగా మార్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది కనుక నికర బరువును దొంగచాటుగా దిద్దే దారి కోడ్‌లో మూసుకుపోతుంది. అయినా రెండు చోట్ల మెలకువ అవసరం. మొదటిది, బైండింగులు తమ మూలాలను వీక్ రిఫరెన్స్‌తో (మెమరీలో నిలిపి ఉంచని బలహీన పట్టుతో) వింటాయి. తీసివేతతో వచ్చిన బైండింగ్‌ను ఏ ఫీల్డులోనూ దాచుకోకుండా దానికి లిజనర్ (మార్పును వినే కోడ్) మాత్రం తగిలిస్తే, వాడని వస్తువులను మెమరీ నుంచి తీసేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఎత్తుకుపోతుంది. పొద్దున సరిగా నడిచిన తెర మధ్యాహ్నానికి పాత అంకె దగ్గరే ఆగిపోవచ్చు. రెండోది ఇంకా ప్రమాదకరం. టెక్స్ట్ ఫీల్డును, అక్షరాలను అంకెగా మార్చే నంబర్ స్ట్రింగ్ కన్వర్టర్‌తో రెండు వైపులా కడితే, అది ముందున్న అంకెల దాకా చదివి మిగతాది వదిలేస్తుంది. ఆపరేటర్ 24560కి బదులు సున్నా స్థానంలో ఇంగ్లిష్ ఓ అక్షరం పెట్టి 2456ఓ అని కొట్టాడనుకోండి, మోడల్‌లో 2456 కిలోలు చేరతాయి, తెర మీద ఎర్ర గీతైనా కనిపించదు. టెక్స్ట్ ఫార్మాటర్ పెట్టి, మొత్తం స్ట్రింగ్ చదివారో లేదో చూసే కన్వర్టర్‌ను సొంతంగా రాసుకోవాలి. డబ్బుతో ముడిపడిన ఫీల్డులకు సిద్ధంగా దొరికే కన్వర్టర్‌ను నేను ఒప్పుకోను. కాంటా బరువుకు మాత్రం నేపథ్య పనులకు వాడే టాస్క్ క్లాసులోని అప్‌డేట్ వాల్యూ బాగా సరిపోతుంది, వెంటవెంటనే వచ్చే విలువలను కలిపి చివరిదాన్ని తెర థ్రెడ్‌కు అందిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టే కాంటా తెరకు ఈ రెండు జాగ్రత్తలతో నేను జావాఎఫ్ఎక్స్‌నే ఎంచుకుంటాను. ఇప్పటికే స్వింగ్‌లో నడుస్తున్న దాన్ని తిరగరాయకుండా జేగూడీస్ తరహా బఫర్ చేర్చడం మేలు. 2018లో వచ్చిన జేడీకే 11 (జావా 11) నుంచి జావాఎఫ్ఎక్స్ విడిగా వస్తోంది కనుక మిల్లు కంప్యూటర్‌లో ఏ జావా ఉందో చూసుకునే తిప్పలు ఉంటాయి. జేప్యాకేజ్ అనే పరికరంతో జావా రన్‌టైమ్‌ను కలిపి ఒకే ఇన్‌స్టాలర్‌గా ఇస్తే, అక్కడ జావా లేకపోయినా కాంటా తెర తెరుచుకుంటుంది.