కడుపు క్యాన్సర్ రిస్క్ చెబుతామని డీఎన్‌ఏ కిట్ అమ్మితే కొనకండి (నెల్లూరు, ఒంగోలు వాళ్లకు)

ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్లు ఇది తప్పకుండా చదవండి. నాలుగు కిట్లకు మాకు 44,000 పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రిపోర్టు నమ్మి మా తమ్ముడు చేయించుకోవాల్సిన ఎండోస్కోపీ మానుకున్నాడు. రాస్తున్నది అందుకే.

మా నాయన 2019లో కడుపు క్యాన్సర్‌తో పోయారు, 71 ఏళ్లకు. అప్పటినుంచి మాకు కాస్త గ్యాస్ పట్టినా భయమే. మొన్న వేసవిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫ్రీ హెల్త్ క్యాంప్ అని టేబుల్ వేశారు. బీపీ, షుగర్ చూసిన కుర్రాడు "ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా సార్?" అన్నాడు. నాయన సంగతి చెప్పా. "అయితే జీన్స్‌లో ఉంటది సార్, పిల్లలకు కూడా వచ్చుంటది" అన్నాడు. పక్కనే మా ఆవిడ ఉంది. ఇంకేముంది, ఒక కిట్ అయితే 12,000, నాలుగు తీసుకుంటే ఒక్కోటి 11,000. నాకు, అక్కకు, ఒంగోలులో ఉండే తమ్ముడికి, మా అబ్బాయికి తీసుకున్నా.

గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపి పంపాలి. అది నిండేసరికి నోరు పిడచ కట్టుకుపోయింది. ఆరు వారాలకు 82 పేజీల పీడీఎఫ్ వచ్చింది. బట్టతల వస్తుందా, కాఫీ పడుతుందా, అన్నీ ఉన్నాయి. 37వ పేజీలో కడుపు క్యాన్సర్. నాకు ఎర్ర బిళ్ల, హై రిస్క్. అక్కకు, మా అబ్బాయికి పసుపు. తమ్ముడికి ఆకుపచ్చ. మర్నాడే ఫోన్ వచ్చింది, ఆరు నెలల డైట్ ప్లాన్, పొడులు కలిపి 9,500 అని. అప్పుడే అనుమానం రావాలి నాకు. రాలేదు, టెన్షన్‌లో కట్టబోయాను. కార్డు ఓటీపీ రాక ఆగింది.

నెల్లూరు పొగతోటలో ఒక గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి ఆ 82 పేజీలూ ప్రింట్ తీసుకుని పోయా. ఆయన వాటిని పక్కన పెట్టి, "మీ నాయన బయాప్సీ కాగితం ఉందా?" అన్నారు. ఇంటికొచ్చి వెతికితే బీరువాలో ఆధార్ జిరాక్సుల కింద, చెన్నై ఆసుపత్రి ప్లాస్టిక్ కవర్‌లో దొరికింది. డాక్టర్ ఒక లైన్ మీద వేలు పెట్టి చూపించారు: 'ఇంటెస్టినల్ టైప్'. దాని కిందే కడుపులో చేరే హెచ్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని రాసుంది. అన్నేళ్లు మా ఇంట్లోనే ఉన్న కాగితం, ఒక్కళ్లమూ చదవలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తా. కడుపు క్యాన్సర్లలో నేరుగా వంశపారంపర్యంగా వచ్చేవి 1 నుంచి 3 శాతమే. వాటిలో ముఖ్యమైనది సీడీహెచ్1 అనే జీన్ దెబ్బతినడం వల్ల వచ్చే డిఫ్యూజ్ రకం (మా నాయనది ఇంటెస్టినల్ టైప్, ఈ రకం కాదు). కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ప్రొటీన్‌ను ఆ జీన్ తయారు చేస్తుంది. పట్టు పోతే కణాలు గడ్డ కట్టకుండా కడుపు లోపలి పొర కిందే పాకుతాయి, ఎండోస్కోపీకి కూడా ఒక్కోసారి దొరకవు. అందుకే ఆ లోపం ఉన్నవాళ్లకు ముందుగానే కడుపు మొత్తం తీసేయమని సలహా ఇస్తారట. 1998లో న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబం వల్ల ఈ జీన్ సంగతి బయటపడింది. చిన్న వయసులోనే ఇంట్లోవాళ్లు వరసగా పోతుంటే, ఆ కుటుంబమే శాస్త్రవేత్తల దగ్గరికి పోయింది.

మరి మా కిట్ ఆ జీన్‌ను చూసిందా అంటే, లేదు. చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: చూసింది ఎంపిక చేసిన కొన్ని మార్పులే, సీడీహెచ్1 మొత్తం చదవలేదు అని. నాకు ఎర్ర బిళ్ల పడింది పీఎస్‌సీఏ అనే వేరే జీన్‌లో ఒక అక్షరం తేడాకు. అది జనంలో చాలామందికి ఉండేదేనట, దానివల్ల రిస్క్ పెరిగేది కాస్తే. స్థలం కొనేటప్పుడు ఈసీ, లింక్ డాక్యుమెంట్లు చూడకుండా సర్వే నంబర్ ఒక్కటి చూసి క్లియర్ టైటిల్ అన్నట్టుంది వీళ్ల వ్యవహారం.

నా ఎరుపు కంటే తమ్ముడి ఆకుపచ్చ పెద్ద మోసం. వాడికి ఏడాదిగా కడుపులో మంట, రోజూ పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర మింగుతాడు, బరువు కూడా తగ్గాడు. ఒంగోలులో డాక్టర్ ఎండోస్కోపీ రాసిస్తే, "గ్రీన్ వచ్చింది కదన్నా, ఎందుకు గొంతులో పైపు" అని మానేశాడు. నేను పోయి తిట్టి తీసుకెళ్లాల్సి వచ్చింది. అల్సర్ ఉంది, హెచ్ పైలోరి ఉంది. క్యాన్సర్ లేదు, ఆ ఏడుకొండలవాడి దయ.

నాకూ శ్వాస పరీక్షలో ఆ బ్యాక్టీరియానే తేలింది. 14 రోజులు మాత్రలు, తర్వాత నెల ఆగి మళ్లీ పరీక్ష, పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకమని చెప్పింది. 82 పేజీల్లో దీని ఊసే లేదు. జీన్స్, బ్యాక్టీరియా కలిస్తే ఏమవుతుందో జపాన్‌లో చూశారు, 2023లో వచ్చింది ఆ అధ్యయనం. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎం, పీఏఎల్‌బీ2 లాంటి జీన్లలో లోపం ఉండి హెచ్ పైలోరి కూడా ఉన్నవాళ్లలో 85 ఏళ్ల వయసుకు రిస్క్ 45.5 శాతం, బ్యాక్టీరియా ఒక్కటే ఉంటే 14.4 శాతం. అవి జపాన్ వాళ్ల లెక్కలు, మనకు అలాగే అతికించుకోకూడదు. కానీ జీన్ మార్చుకోలేం, బ్యాక్టీరియాను మాత్రం పోగొట్టుకోవచ్చు కదా.

జీన్ పరీక్ష అంతా దండగ అనడం లేదు. ఇంట్లో 50 ఏళ్లలోపు ఎవరికైనా డిఫ్యూజ్ రకం వచ్చినా, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి కడుపు క్యాన్సర్ వచ్చినా, ఆ వైపు ఆడవాళ్లలో లోబ్యులర్ రకం రొమ్ము క్యాన్సర్ ఉన్నా డాక్టర్‌ను అడగండి. వీలైతే ముందు జబ్బు వచ్చినవాళ్లకే చేస్తారు, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉంటుంది. సెల్లార్‌లో టేబుల్ వేసుకున్నవాడు "సీడీహెచ్1 మొత్తం చదువుతారా?" అంటే జవాబు చెప్పలేడు, అడిగి చూడండి.

రిపోర్టు తయారయ్యాక రీఫండ్ ఉండదని కంపెనీ మెయిల్ పెట్టింది. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చా. నిన్న కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ తీసేస్తే సగం డబ్బులు వేస్తారట. తీయలేదు. ఇక్కడ కూడా పెడుతున్నా.