బెల్టు కిట్‌తో 'ఉచిత బిగింపు' తీసుకునేవాళ్లూ, ఒక్క నిమిషం ఆగండి

ఇంకా కోపంలోనే ఉన్నాను, రాతలో తప్పులుంటే సర్దుకోండి. టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ లెక్క తప్పకుండా కలిసి కదిలేలా చూసే పళ్ల బెల్టు) కిట్ కొంటే ఇంటికొచ్చి ఉచితంగా బిగిస్తామని ఊదరగొట్టే ఆ యాప్ మీ అందరికీ తెలిసిందే. పేరు రాస్తే పోస్టు లేపేస్తారు, అందుకే రాయడం లేదు. నేనూ కొన్నాను. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు అన్నీ బాగానే ఉన్నాయి, సరుకు మీద నాకు గొడవ లేదు. గొడవంతా బిగించడానికి వచ్చిన మహానుభావుడితోనే.

పాత బెల్టు తీయగానే క్యామ్, అదే వాల్వులను తెరిచే ఇరుసు, కాస్త పక్కకు జరగడం నా కళ్లతో చూశాను. అందులో వింతేమీ లేదు, వాల్వు స్ప్రింగులు తోస్తాయి కాబట్టి బెల్టు వదలగానే అది తనంతట తనే కొంచెం తిరుగుతుంది. దాన్ని మళ్లీ మార్కు (సరైన స్థానం చూపే గుర్తు) మీదకు తెచ్చి కొత్త బెల్టు వేయాలి. వేశాక క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి, రాచెట్‌తో నిదానంగా రెండు చుట్లు పూర్తిగా తిప్పాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అప్పుడు గానీ మార్కులన్నీ మళ్లీ కలిశాయో లేదో తేలదు. నాది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్. అంటే టైమింగ్ తప్పితే తెరుచుకున్న వాల్వుకు పిస్టన్ వచ్చి తగులుతుంది. చేత్తో తిప్పుతున్నప్పుడు తగిలితే రాచెట్ గట్టిగా ఆగిపోతుంది, అక్కడితో ఆపి సరిచేసుకోవచ్చు. సెల్ఫ్ మోటారుకు ఆ దయ ఉండదు.

ఇతగాడు మార్కుల వంక ఓ చూపు పడేసి కవర్ బిగించబోతుంటే అడిగాను, "ఒకసారి చేత్తో తిప్పి చూడరా అన్నా?" అని. నవ్వాడు. మామూలుగా కాదు, పక్కనున్న హెల్పర్ కుర్రాడి వైపు తిరిగి మరీ నవ్వాడు. "చేత్తో తిప్పడానికి ఇదేమైనా తిరగలా సార్? సెల్ఫ్ ఎందుకు పెట్టారు మరి? వీడియోలు చూసి మాకు పని నేర్పకండి" అన్నాడు. ఆ కుర్రాడూ నవ్వాడు. నేను ఇంకో మాట అనేలోపే తాళం తిప్పేశాడు.

టకటకమని ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు. ఆ వెంటనే సెల్ఫ్ బరువే లేనట్టు గిర్రున తిరిగింది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బిగువు) పోయిన ఇంజిన్ అలాగే తిరుగుతుంది. అంతటితో ఆగాడా? మళ్లీ కొట్టాడు. "ఆయిల్ సర్దుకోవాలి"ట! లోపల వాల్వులు సర్దుకుపోతుంటే ఇక ఆయిల్ ఎక్కడ సర్దుకుంటుంది?

ఇక అసలు మాట వినండి. చేతులు తుడుచుకుంటూ ఏమన్నాడో తెలుసా? "పాత బండి కదా సార్, మీ వాల్వులు ముందే వంగి ఉన్నాయి." ఓహో! వంగిన వాల్వులతోనే కాబోలు నేను ఆ ఉదయం ఎత్తు రోడ్డు మీద ఇబ్బంది లేకుండా బండి నడుపుకుంటూ వచ్చింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్లదీ అదే పాట, కాగితంలో చూసి చదివినట్టు.

వేరే మెకానిక్‌ను పిలిచి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెట్టించాను. నల్లటి మసి పట్టిన పిస్టన్ తలల మీద నెలవంకల్లా గీతలు, తళతళా మెరుస్తున్నాయి. పాత దెబ్బలైతే వాటి మీదా మసి పట్టేది కదా! ఆ ఫోటోలు పంపాక యాప్ వాళ్లు "పరిశీలిస్తున్నాం" అన్నారు. రివ్యూ తీసేస్తే డిస్కౌంట్ కూపన్ ఇస్తారట. దేనికి, ఇంకో బెల్టు వేయించుకోవడానికా? ఇక్కడ వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అదే హెడ్, దించాల్సిన పని పడింది.

మీరైతే తాళం మీ జేబులోనే పెట్టుకోండి, చేత్తో తిప్పి చూపించేదాకా ఇవ్వకండి. సొంతంగా తిప్పేవాళ్లకు కూడా రెండు ముక్కలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే కంప్రెషన్ ఉండదు కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది, ఏదైనా తగిలినా చేతికి వెంటనే తెలుస్తుంది. ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే తిప్పాలి. చాలా బండ్లలో అది పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిక్కు, కొన్నింటిలో దానికి ఎదురు, కాబట్టి మీ బండి మాన్యువల్ చూసుకోండి. వెనక్కి తిప్పితే బెల్టు వదులై పన్ను జారవచ్చు. క్యామ్ బోల్టు పట్టుకుని ఇంజిన్ మొత్తాన్ని తిప్పకండి. బెల్టుకూ పుల్లీకీ మధ్య వేళ్లు పెట్టకండి. క్యామ్, క్రాంక్ కదలకుండా ఆపే టైమింగ్ పిన్నులు పెట్టి ఉంటే ముందు తీసేయండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే పొడవాటి రాడ్డు తెచ్చి బలం చూపించకండి, కాస్త వెనక్కి తెచ్చి మార్కులు మళ్లీ చూడండి. అంతా అయ్యాక తాళం తిప్పేముందు రాచెట్ పుల్లీకే ఉండిపోలేదు కదా అని వంగి చూడండి.