హిస్టారిక్కా, హిస్టారికలా?

మొన్న మా తమ్ముడి కొడుకు కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఫ్లెక్సీ షాపు నుంచి ఫోన్ చేశాడు. కాలేజీ టూర్‌కు బ్యానర్ కొట్టించాలంట. "పెదనాన్నా, కోటను హిస్టారికల్ ఫోర్ట్ అనాలా, హిస్టారిక్ ఫోర్ట్ అనాలా?" షాపతను మాత్రం "హిస్టారిక్ పెట్టేద్దాం అన్నా, రెండక్షరాలు తగ్గితే సైజు పెరుగుతుంది" అంటున్నాడట. కారణం ఏదైనా, మాట సరిపోయింది.

హిస్టారికల్ అంటే గతానికి సంబంధించినది, అంతే. గొప్పదా కాదా అన్న పట్టింపు దానికి లేదు. మా తాత కట్టిన భూమి శిస్తు రసీదు కూడా హిస్టారికల్ డాక్యుమెంటే. హిస్టారిక్ అలా కాదు. చరిత్రలో నిలిచిపోయినదానికే ఆ మాట.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని అయింది. ఆ రోజు హిస్టారిక్. అప్పట్లో ఇక్కడ ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఆ గుడారంలో ఏ గుమాస్తానో సంతకం పెట్టిన హాజరు పట్టీ ఇప్పుడు దొరికితే, అది హిస్టారికల్ రికార్డు.

నిలిచిపోయేది మంచిదే అయి ఉండాలని కూడా లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చేసింది. పాతబస్తీలో ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గోడ మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు. అది హిస్టారిక్ ఫ్లడ్. ఇంజనీర్లు చూసే హిస్టారికల్ డేటాలో మాత్రం ఆ వరదతో పాటు, నది ఎండి ఇసుక తేలిన ఏళ్ల లెక్క కూడా ఉంటుంది.

తెలుగులోనూ ఇలాంటి జంట ఉంది. చారిత్రక నవల అంటాం, చారిత్రాత్మక నవల అనం. నిర్ణయం దగ్గరికొస్తే పేపర్లు చారిత్రాత్మకం అనేస్తాయి. (అది చరిత్రాత్మకం అని ఉండాలని వ్యాకరణం తెలిసినవాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు.) నవలకు, రికార్డులకు, పరిశోధనకు హిస్టారికల్. రోజుకు, తీర్పుకు, గెలుపుకు హిస్టారిక్. కోట దగ్గర రెండూ చెల్లుతాయి గానీ, జనం పనిగట్టుకుని చూడటానికి వస్తున్నారంటే నా ఓటు హిస్టారిక్‌కే. ప్రతిదానికీ ముందు అదే తగిలిస్తే మాత్రం ఆ మాటకు విలువ పోతుంది. వార్డులో కొత్త బోరు వేసినా హిస్టారిక్ అని పోస్టర్లు చూస్తున్నాం కదా!

సాయంత్రం పిల్లోడు బ్యానర్ ఫోటో పంపాడు. హిస్టారిక్ పెద్దక్షరాల్లో సరిగ్గానే పడింది. కర్నూలు స్పెల్లింగులోనే ఒక ఓ లేదు. షాపతను అక్కడా ఓ అక్షరం ఆదా చేశాడు.