సింహాచలం మెట్ల దారి: ఇంటిల్లిపాదీ వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం నా రివ్యూ

గుడికి కూడా రివ్యూ రాస్తారా అని అనుకోకండి, అప్పన్నకి, అదే సింహాచలం స్వామికి, మనం మార్కులు వేసేదేముంది. నేను రాసేది కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్ల మీదుగా కొండెక్కి, దర్శనం చేసుకుని, అన్నదానంలో భోంచేసి దిగే ఈ మొత్తం ప్రయాణం గురించి, అదీ ఇంట్లో ఎదిగిన పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే ఎలా ఉంటుందన్నది. ఎందుకంటే మన వైజాగ్‌లో చాలామంది బండేసుకుని ఘాట్ రోడ్డులో పైకి పోయి దర్శనం చేసుకుని వెంటనే కిందకొచ్చేస్తారు, మెట్ల దారి ఒకటుందని చాలామంది పిల్లలకి తెలీదు కూడా.

అసలు ఎందుకెళ్ళామో ముందు చెప్పాలి. మా పెద్దాడికి ఇంటర్ అయ్యేక ఈఏపీసెట్ ఎంట్రన్స్ పరీక్షలో అనుకున్న ర్యాంకు రాలేదు. ఏడవలేదు, అరవలేదు, గది తలుపేసుకుని కూర్చున్నాడంతే, అన్నానికి పిలిస్తే వస్తాడు, తింటాడు, వెళ్ళిపోతాడు, ఆ నిశ్శబ్దం చూస్తుంటే నాకు కడుపులో దేవేసేది. తెలిసినవాళ్ళు చెప్పేరని సిటీలో ఒక హోటల్లో పెట్టిన మోటివేషన్ ప్రోగ్రాంకి డబ్బులు కట్టి తీసుకెళ్ళేం. చెప్పినాయన బాగానే చెప్పేడు, కాదనను, కానీ ఆయన చెప్పిన కథల్లో అందరూ చివరికి గెలిచినవాళ్ళే, పెద్ద పెద్ద కంపెనీలు పెట్టినవాళ్ళే, పొద్దున్న లేచి డ్యూటీకెళ్ళి సాయంత్రం కూరగాయలు పట్టుకుని ఇంటికొచ్చే మనిషి ఒక్కడూ లేడు. మావాడు "బాగుందమ్మా" అన్నాడు, మళ్ళీ తలుపేసుకున్నాడు. అప్పుడు మా అత్తగారు "ఆడికి కబుర్లెందుకమ్మా, ఓపాలి కొండెక్కించండి" అన్నారు. అలా బయల్దేరేం.

మాది గోపాలపట్నం కాబట్టి ఆటోలో దగ్గరే. సిటీ నుంచి వచ్చేవాళ్ళకి 28, 6ఏ బస్సులున్నాయి, కొండ కింద దిగొచ్చు. అత్తగారి మోకాళ్ళు మెట్లకి సహకరించవు గనక ఆవిడ్ని మా ఆడపడుచు తోడుగా బస్సులో పైకి పంపించి, మేం నలుగురం తెల్లవారకుండానే మెట్లు మొదలుపెట్టేం. మెట్లు వెయ్యికి పైనే ఉంటాయంటారు, మా చిన్నది ఆరో తరగతి, అది లెక్కపెడతానని మొదలెట్టి మధ్యలో మాటల్లో పడి వదిలేసింది. మొదట్లోనే పిక్కలు పట్టేస్తాయి, తర్వాత ఒంటికి అలవాటైపోతుంది. చుట్టూ చెట్లు, పొద్దున్నపూట గాలి చల్లగా ఉంటుంది, నిజంగా హాయి.

మాకు ముందుగా ఒక భార్యాభర్తలు మెట్లపూజ చేస్తూ ఎక్కుతున్నారు. ఒక్కో మెట్టు మీద ఆయన చెంబుతో నీళ్ళు చల్లుతాడు, ఆవిడ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది, మళ్ళీ పై మెట్టు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు, కానీ ఆవిడకి నడుం పట్టేసినప్పుడు ఆయన చెంబు కింద పెట్టేసి ఆగిపోతాడు, ఆవిడ వంగేక మళ్ళీ మొదలు. మా చిన్నది వాళ్ళ దగ్గరకెళ్ళి "ఆంటీ నేనో రెండు పెట్టనా" అని అడిగింది, ఆవిడ వెంటనే కుంకుమ భరిణె దాని చేతిలో పెట్టేసింది. మా పెద్దాడు కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళి ఆయన చేతిలో చెంబు తీసుకున్నాడు. వాడంతట వాడు ఇంకొకళ్ళ కోసం ఒక పని చెయ్యడం చాలా రోజుల తర్వాత చూసేను. మేం ఎవరం వాడికి చెయ్యమని చెప్పలేదు, చేస్తే మెచ్చుకోలేదు, అలా నడుస్తూ పోయేం.

మా ఆయన గురించి కూడా రాయాలి. ఆయన స్పీడుగా ఎక్కేస్తారు, కానీ కొంచెం పైకెళ్ళేక ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడిపోతారు, నేను దగ్గరకొచ్చేక మళ్ళీ నడుస్తారు. రొప్పుతూ ఎక్కుతున్నప్పుడు ఆలోచిస్తే ఇంట్లోనూ ఈయన పద్ధతి ఇదే, వీధి మలుపులో, పెళ్ళిళ్ళలో, హాస్పిటల్ కారిడార్లో ఎక్కడైనా నాకు నాలుగడుగులు ముందుంటారు, ఎక్కడో ఒకచోట ఆగి ఉంటారు. ఇన్నేళ్ళ కాపురంలో దాన్ని నేను విడిగా గమనించలేదు, మెట్లమీద కనిపించింది.

పైన అత్తగారు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. దర్శనం బాగా అయింది. గుడిలో కోరికలు కోరుకుంటూ అందరూ కౌగిలించుకునే కప్పస్తంభాన్ని పిల్లలిద్దరూ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు, ఏం కోరుకున్నారో మేం అడగలేదు. బయటకొచ్చి మండపంలో కూర్చున్నప్పుడు మావాడు వాళ్ళ మామ్మని ఒక ప్రశ్న అడిగేడు, వీడు ఇన్ని రోజులకి నోరు విప్పేడని నేను కదలకుండా కూర్చున్నాను.

"మామ్మా, స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కరోజే కదా కనిపించేది, మిగతా రోజులన్నీ మనం చూసేది చందనమే కదా, మరి నువ్వు రోజూ డాబా మీదకెళ్ళి కొండకి దణ్ణం పెడతావ్, దేన్ని చూసి నమ్ముతావ్?"

తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా, వరాహ నరసింహస్వామి విగ్రహం ఏడాది పొడవునా చందనంలోనే ఉంటుంది. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ రోజు, చందనోత్సవానికి ఆ చందనం వలిచి 12 గంటలపాటు నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రాత్రే మూడు మణుగుల (మణుగంటే పాతకాలపు తూకం) చందనం మళ్ళీ సమర్పిస్తారు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మరో మూడేసి మణుగులు, అలా నాలుగు విడతల్లో మొత్తం పన్నెండు మణుగులు. ఆ చందనమంతా గుడిలోనే గంధపు చెక్కల్ని చేత్తో అరగదీసి తీస్తారు.

అత్తగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మీ తాత నాతో ఒక్కనాడైనా నువ్వంటే ఇష్టమని చెప్పేడేట్రా" అన్నారు. మావయ్యగారు షిప్‌యార్డ్‌లో చేసేవారు, నైట్ డ్యూటీ చేసి పొద్దున్న ఇంటికొచ్చి, పడుకునే ముందు ఇంట్లో బిందెలన్నీ నింపేసి పడుకునేవారట, అప్పట్లో వీధి కుళాయి దగ్గర నీళ్ళకి పెద్ద లైను. "ఆయన మనసులో ఏటుందో నాకు ఒక్కసారి కనపడింది, నాకు పచ్చకామెర్లొచ్చి మంచాన పడ్డప్పుడు నా పక్కన కూకుని ఏడిచేడు. అదొక్క రోజే. మిగతా రోజులన్నీ బిందెలే చూసేను. బిందెలు చూసే కాపురం చేసేను నాన్నా, నాకేం తక్కువైంది."

నేను ప్రవచనాలు చాలా విన్నాను, వింటాను, అందులో మంచి ఉంది. కానీ నమ్మకం అంటే ఏంటో నాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. కనపడని దాన్ని నమ్మమని ఆవిడ అనలేదు, కనపడే పనులు చూడమంది. మావాడు ఏమనలేదు, మామ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. వాడిలో ఆ రోజే అంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ ఆ మర్నాడు తలుపు తీసే ఉంది. కొన్నాళ్ళకి వాడే వచ్చి "అమ్మా, నా స్కూటీలో పెట్రోల్ నాన్నేనా కొట్టిస్తున్నది, నేనెప్పుడూ బంకుకెళ్ళినట్టు గుర్తులేదు" అన్నాడు. అవును, ఆయనే, రాత్రి పాల ప్యాకెట్లకని వాడి బండేసుకుని వెళ్ళి కొట్టించి వస్తారు. ఇప్పుడు వాడు మళ్ళీ పరీక్ష రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో జాయినయ్యేడు, పొద్దున్నే లేచి చదువుతున్నాడు. మళ్ళీ ర్యాంకు ఎలా వస్తుందన్నది తర్వాత మాట, లేస్తున్నాడు, నాకది చాలు.

మా ఫ్రెండ్ ఒకావిడ వాళ్ళ పిల్లల్ని రాస్ హిల్ మీద మేరీమాత చర్చికి నడిపించి తీసుకెళ్తుంది, ఆవిడా ఇలాంటి మాటే చెప్పింది, కొండెక్కేటప్పుడు పిల్లలు మాట్లాడినట్టు ఇంట్లో మాట్లాడరని. ఏ గుడైనా ఏ చర్చైనా, ఇంట్లోవాళ్ళందరూ కలిసి ఒళ్ళు అలిసేలా నడిచే చోటు ఒకటి ఉండాలనిపిస్తుంది నాకు.

గుడి గురించి రెండు ముక్కలు. ఇక్కడ దొరికిన శాసనాల్లో పాతది కులోత్తుంగ చోళుడి కాలంది, 1098 ప్రాంతం. ఇప్పుడు మనం చూసే గుడి చాలావరకు 13వ శతాబ్దంలో తూర్పు గంగ రాజులు కట్టించింది. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల మీద గెలిచి 1516లో ఇక్కడికొచ్చి నగలు సమర్పించేడు. అంత గెలిచిన రాజు నిలబడ్డ చోటే పరీక్షల ముందు మన పిల్లలు హాల్‌టికెట్ జేబులో పెట్టుకుని నిలబడతారు, ర్యాంకు పోయినవాళ్ళూ నిలబడతారు. మావాడికి ఇది చెప్తే స్తంభాల మీద చెక్కిన శిల్పాలు మళ్ళీ ఒకసారి తిరిగి చూసొచ్చేడు.

భోజనానికి నిత్యాన్నదానానికే వెళ్ళండి, పైన హోటళ్ళ కోసం చూడొద్దు. వేడి వేడి అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ, ఇంటి భోజనంలా ఉంది, మెట్లెక్కిన ఆకలికి అమృతమే. అక్కడ నాకు నచ్చింది పక్కపక్కన ఎవరు కూర్చుంటారో తెలీకపోవడం, మా పక్కన శ్రీకాకుళం నుంచి గుండు కొట్టించుకోడానికొచ్చిన కుటుంబం, వాళ్ళ చంటిపిల్లకి మా చిన్నది నీళ్ళు పట్టింది. ప్రసాదం పులిహోర తప్పకుండా తీసుకోండి, ఆ పోపు రుచి ఇంట్లో ఎంత చేసినా రాదు.

ఇక జాగ్రత్తలు. ఎండెక్కేక మెట్లు కాలిపోతాయి, చెప్పుల్లేకుండా ఎక్కుతారు కాబట్టి పిల్లలతో అయితే పొద్దున్న ఎనిమిదిలోపు పైన ఉండేలా చూసుకోండి. శనివారాలు, సెలవు రోజులు రద్దీ ఎక్కువ, మాట్లాడుకుంటూ ఎక్కాలంటే మామూలు వారం రోజులే మేలు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు పట్టుదలకి పోకుండా బస్సులో రండి, మెట్లెక్కినవాళ్ళకి ఒక దేవుడు, బస్సులో వచ్చినవాళ్ళకి ఇంకో దేవుడు లేడు కదా. చందనోత్సవం రోజు జనం విపరీతం, చంటిపిల్లలతో నేనైతే వెళ్ళను. ఆటోవాళ్ళతో రేటు ముందే మాట్లాడుకోండి, మాకు ఒకాయన దిగేక వేరే రేటు చెప్పేడు. సీజన్లో అయితే కింద అమ్మే సింహాచలం సంపెంగలు, అనాసపళ్ళు వదలొద్దు, ఆ సంపెంగ వాసన రెండ్రోజులు ఇల్లంతా ఉంటుంది.

పిల్లలున్న ఇంటికి నా రేటింగ్ 5కి 5, సంకోచం లేకుండా.

ఈ ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరిప్రదక్షిణకి మావాడు, వాళ్ళ నాన్న కలిసి నడుస్తామంటున్నారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, తొలిపావంచా నుంచి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ మీదుగా మా గోపాలపట్నం దాటి మళ్ళీ సింహాచలం. మా వీధివాళ్ళు మెయిన్ రోడ్డు మీద మజ్జిగ పెడతారు, అత్తగారు కుర్చీ వేసుకుని గ్లాసులు అందిస్తానని ఇప్పటినుంచే చెప్తున్నారు. అటుగా నడిచొస్తే ఆగి తాగి వెళ్ళండి, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ.