‘సరికొత్త జాంగో’ అని చెప్పి అమ్మే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో పలాస, కాశీబుగ్గ వ్యాపారులకు హెచ్చరిక

మన ప్రాంతంలో జీడిపప్పు పరిశ్రమలకూ టోకు దుకాణాలకూ స్టాకు, కూలీ, బిల్లుల లెక్కల కోసం సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తామంటూ కొందరు తిరుగుతున్నారు. వారి దగ్గర కొనే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే, బయానా ఇచ్చే ముందు మా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అదే పద్ధతిలో అమ్మేవారు మరికొందరు ఉన్నట్లు తోటి వ్యాపారుల మాటల్లో తెలిసింది కాబట్టి, పేరు కంటే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

పలాసలో మాకు చిన్న జీడిపప్పు పరిశ్రమ ఉంది. పిక్కల బస్తాలు ఎన్ని దిగాయి, బట్టీకి ఎన్ని వెళ్ళాయి, ఒలిచినవారికి కిలోల లెక్కన ఎంత కూలీ రావాలి, ఏ గ్రేడు పప్పు ఎంత అమ్ముడైంది అనే లెక్కలన్నీ ఒకేచోట ఉండాలని 2024 జూన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాము. ధర 72,000 రూపాయలు. దానికి అదనంగా బిల్లులో ‘ఫ్రేమ్‌వర్క్ లైసెన్స్’ అనే పేరుతో మరో 6,000 వేశారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ (సాఫ్ట్‌వేర్ చేయడానికి ముందే సిద్ధంగా ఉండే కోడు చట్రం) మీద, ‘సరికొత్త వెర్షన్’లో చేశామని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. తెర అడుగున చిన్న అక్షరాలతో ‘జాంగో 5.0 ఆధారితం’ అని కూడా కనిపించేది. అది చూసి మేము నమ్మాము.

ముందుగా ఆ 6,000 సంగతి చెబుతాను. జాంగో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005 జూలైలో అందరికీ ఉచితంగా విడుదలైన ఫ్రేమ్‌వర్క్. బీఎస్‌డీ లైసెన్స్ కింద ఎవరైనా దానిని దింపుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు, దానితో చేసినది అమ్ముకోవచ్చు. ఎవరికీ పైసా కట్టనక్కరలేదు. కాబట్టి మీ కొటేషన్‌లో జాంగోకు గానీ పైథాన్‌కు గానీ లైసెన్స్ రుసుము అని కనిపిస్తే, ఆ కొటేషన్ ఇచ్చినవారితో మాట్లాడటం అక్కడితో ఆపివేయడం మంచిది. మేము ఆ పని చేయలేదు.

సాఫ్ట్‌వేర్ ఏడాదిన్నర దాదాపు సాఫీగానే నడిచింది. 2025 నవంబరులో పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ పాడైంది. కొత్త కంప్యూటర్ కొని, అందులో పైథాన్ 3.13 వేసి, పెన్‌డ్రైవ్‌లో రోజూ దాచుకుంటున్న నకలు నుంచి అంతా తిరిగి ఎక్కించాము. ప్రోగ్రామ్ అసలు మొదలే కాలేదు. నల్లని తెర మీద పది పంక్తులు వచ్చి, చివర ‘డిస్ట్‌యుటిల్స్’ అనే మాడ్యూల్ (పాత పైథాన్‌తో పాటే వచ్చే ఒక కోడు భాగం) లేదని చెప్పి ఆగిపోయింది. విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు సెలవుకు వచ్చినప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి చూశాడు. ఏయే సామగ్రి ఏ వెర్షన్‌లో కావాలో రాసి ఉంచే ‘రిక్వైర్‌మెంట్స్’ అనే ఫైలు అందులో ఉంటుంది. దాని మొదటి పంక్తిలో జాంగో పేరు పక్కన ఉన్న అంకె 2.2.28. మరి తెర అడుగున కనిపించే 5.0 ఎక్కడిదని వెతికితే, అది పేజీ నమూనాలో మామూలు అక్షరాలుగా ఉంది. “మావయ్యా, ఇది ప్రోగ్రామ్ చెబుతున్న అంకె కాదు, వాళ్ళు చేత్తో టైపు చేసినది” అన్నాడు.

ఈ అంకెల మధ్య తేడా ఎంతటిదో కొనేవారు తెలుసుకోవాలి. జాంగోలో సుమారు ఎనిమిది నెలలకు ఒకసారి కొత్త వెర్షన్ వస్తుంది. వాటిలో రెండేళ్ళకు ఒకదానిని మాత్రం దీర్ఘకాల మద్దతు వెర్షన్‌గా ప్రకటించి, మూడేళ్ళ పాటు భద్రతా లోపాలకు సవరణలు ఇస్తారు. 2.2 అలాంటిదే, 2019 ఏప్రిల్‌లో వచ్చింది, 2022 ఏప్రిల్‌లో దాని మద్దతు ముగిసింది. మాకు దానిని అమ్మింది 2024 జూన్‌లో. అంటే భద్రతా సవరణలు నిలిచిపోయి రెండేళ్ళు దాటిన సరుకును, 2023 డిసెంబరులో వచ్చిన 5.0 పేరు చెప్పి కట్టబెట్టారు. డిస్ట్‌యుటిల్స్ గొడవ కూడా ఇందులోనిదే: ఆ మాడ్యూల్‌ను 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుంచి తొలగించారు, పాత జాంగో మాత్రం దాని మీద ఆధారపడి ఉంది. కాబట్టి హార్డ్ డిస్క్ పాడవకపోతే ఈ మోసం ఇంకెన్నాళ్ళకు బయటపడేదో చెప్పలేను.

సంస్థవారిని అడిగితే, “కొత్త పైథాన్ వచ్చింది కదండీ, అప్‌గ్రేడ్ చేయాలి, 28,000 అవుతుంది” అన్నారు. ఒప్పందం చూపించి నిలదీయవలసిన సమయంలో, లెక్కలు ఆగిపోయాయన్న తొందరలో 18,000 ముందుగా ఇచ్చేశాను. ఇది పూర్తిగా నా తప్పు.

2026 జనవరిలో జాంగో 5.2 వేసి ఇచ్చారు. ఈసారి వెర్షన్ నిజమైనదే, మేనల్లుడు ఫోనులోనే నాతో కమాండ్ కొట్టించి సరిచూశాడు. కానీ వెర్షన్ మార్చడం వేరు, ఆ వెర్షన్‌కు తగినట్లు ప్రోగ్రామ్‌ను మార్చడం వేరు. మొదటి రోజే లాగౌట్ నొక్కితే తెల్లని పేజీ, దాని మీద 405 అనే దోషం, అంటే ఈ పద్ధతిలో అడిగితే ఒప్పుకోనని ప్రోగ్రామ్ చెప్పడం. సంస్థవారి కుర్రవాడు అది బ్రౌజర్ లోపమనీ, వేరే బ్రౌజర్ వాడమనీ చెప్పాడు. మూడు బ్రౌజర్లు మార్చినా 405 మాత్రం మారలేదు. అసలు కారణం జాంగో విడుదల పత్రాల్లోనే స్పష్టంగా ఉంది. మామూలు లింకు నొక్కి లాగౌట్ అయ్యే పద్ధతి త్వరలో పోతుందని 2022 ఆగస్టులో వచ్చిన 4.1లోనే హెచ్చరించి, 5.0లో తీసివేశారు, ఇప్పుడు ఫారం ద్వారా, భద్రతా టోకెన్‌తో పంపితేనే లాగౌట్ జరుగుతుంది. వేరే సైటు ఏదైనా ఒక బొమ్మ లింకు పెట్టి మనకు తెలియకుండా మనల్ని బయటకు పంపే వీలు లేకుండా చేసిన మార్పు అది. పేజీ నమూనాలో రెండు మూడు పంక్తులు మారిస్తే సరిపోయే పని.

లాగౌట్ చికాకు మాత్రమే, నష్టం కాదు. నష్టం తేదీల దగ్గర జరిగింది.

ఫిబ్రవరిలో శ్రీకాకుళంలోని మా ఆడిటర్ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. 2025 మార్చి 31 నాటి అమ్మకాలు మేము అంతకు ముందు ఇచ్చిన జాబితా కంటే తక్కువగానూ, ఏప్రిల్ 1 నాటివి ఎక్కువగానూ ఉన్నాయనీ, ఏది సరైనదో చెప్పమనీ అడిగారు. ఆర్థిక సంవత్సరం మారే రోజు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కాగితం బిల్లుల కట్ట దించి, తెర పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా చూశాము. కాగితం మీద మార్చి 31 సాయంత్రం 7 గంటల 42 నిమిషాలకు కొట్టిన బిల్లు, తెర మీద ఏప్రిల్ 1 తెల్లవారుజామున 1 గంట 12 నిమిషాలకు చూపిస్తోంది. ఆ వేళకు మా పరిశ్రమలో కాపలా మనిషి తప్ప ఎవరూ ఉండరు. సాయంత్రం 6.30కూ ఆ తరువాతా కొట్టిన ప్రతి బిల్లూ మరుసటి రోజుకు జారిపోయింది. ఆ ఒక్క రోజే కాదు, పాత లెక్కలన్నిటిలోనూ ఇదే తంతు. కూలీ చీటీల్లో సాయంత్రం తూకం వేసిన పప్పు మరుసటి రోజు హాజరులోకి వెళ్ళింది.

ఐదున్నర గంటల తేడా అనగానే మీలో కొందరికి తట్టే ఉంటుంది. అది మన గడియారానికీ, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలానికీ ఉన్న తేడా. జాంగో సెట్టింగ్స్ ఫైలులో ‘యూజ్ టీజెడ్’ (కాలమానాల తేడాను లెక్కలోకి తీసుకోవాలా అని చెప్పేది) అనే పంక్తి ఒకటి ఉంటుంది. ఆ పంక్తి రాయకుండా వదిలేస్తే, పాత వెర్షన్లు దానిని ‘లేదు’గా తీసుకుని స్థానిక సమయాన్ని ఉన్నదున్నట్లు డేటాబేస్‌లో రాసేవి. 5.0 నుంచి ఆ పంక్తి లేకపోతే ‘ఉంది’గా తీసుకుంటుంది, అంటే డేటాబేస్‌లో ఉన్నది యూటీసీ అని భావించి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుతుంది. మా సెట్టింగ్స్ ఫైలులో ఆ పంక్తి లేదు. మాది ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కావడంతో, పాత బిల్లుల సమయాలు ఏ కాలమానంలో రాశారో అందులో ఎక్కడా గుర్తు ఉండదు. ఫలితంగా పలాస సమయాన్నే యూటీసీగా చదివి, దానికి మళ్ళీ ఐదున్నర గంటలు చేర్చింది. ఈ మార్పు రహస్యమేమీ కాదు, 5.0 విడుదల పత్రంలో ఉంది. డబ్బు తీసుకుని అప్‌గ్రేడ్ చేసినవారు దానిని చదవకపోవడమే మా ఫిర్యాదు.

సరిదిద్దుకోవడం కూడా ఒక్క పంక్తితో అయ్యే పని కాదని ఇలాంటి చిక్కులో ఉన్నవారు గమనించాలి. ఆ పంక్తిని ‘లేదు’ అని రాయగానే పాత బిల్లులు వాటి తేదీలకు చేరుకున్నాయి, కానీ అప్‌గ్రేడ్ తరువాత చేర్చిన చీటీలు నిజంగానే యూటీసీలో దాచబడ్డాయి కాబట్టి అవి ఐదున్నర గంటలు వెనక్కి వెళ్ళాయి. మేనల్లుడు ముందు డేటాబేస్‌కు నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయత్నించి, అప్‌గ్రేడ్ జరిగిన రోజును హద్దుగా పెట్టుకుని తరువాతి చీటీలకు మాత్రం ఐదున్నర గంటలు కలిపాడు. కాగితం బిల్లులతో సరిచూడటానికి మా ఇంట్లో ఇద్దరికి రెండు ఆదివారాలు పట్టింది. కాగితం బిల్లులు దాచుకోకుండా ఉంటే సరిచూసుకునే ఆధారమే మాకు ఉండేది కాదు.

ఇంత జరిగిన తరువాత కూడా అదే సంస్థ నుంచి మరో ప్రతిపాదన వచ్చింది. 2025 డిసెంబరులో జాంగో 6.0 వచ్చిందనీ, అది వేసుకుంటే కొనుగోలుదారులకు సందేశాలు వెనుక నుంచి వాటంతటవే వెళతాయనీ, భద్రత పెరుగుతుందనీ, 35,000 అవుతుందనీ చెప్పారు. ఈ మాటలు మీ దగ్గరా చెప్పవచ్చు కాబట్టి ఏది ఎంత నిజమో రాస్తున్నాను. 6.0లో ‘టాస్క్స్’ అనే కొత్త ఏర్పాటు ఉన్న మాట నిజమే. పేజీ ఆగకుండా, ఈమెయిళ్ళు పంపడం వంటి పనులను వరుసలో పెట్టే పద్ధతి అది. అయితే వరుసలో పెట్టిన పనిని తీసుకుని చేసే వర్కర్‌ను జాంగో ఇవ్వదు. దానితో వచ్చే రెండు బ్యాకెండ్లూ (పనులను అందుకునే వెనుక భాగాలు) ప్రోగ్రామ్ రాసేటప్పుడూ పరీక్షించేటప్పుడూ వాడటానికి ఉద్దేశించినవి. వర్కర్‌ను విడిగా ఏర్పాటు చేస్తేనే సందేశం వెళుతుంది, ఆ ముక్క మాకు ఇచ్చిన కొటేషన్‌లో లేదు. భద్రత విషయంలో, పేజీలో ఏ స్క్రిప్టు ఎక్కడి నుంచి రావచ్చో నిర్దేశించే సీఎస్‌పీ అనే విధానాన్ని 6.0లో జాంగోలోనే చేర్చారు. అది మంచి చేర్పే, కానీ నియమాలు మనం రాసి, దాని మిడిల్‌వేర్‌ను (ప్రతి పేజీ వెళ్ళే ముందు మధ్యలో పనిచేసే కోడును) సెట్టింగ్స్‌లో చేర్చుకుంటేనే పనిచేస్తుంది, వెర్షన్ మార్చినంత మాత్రాన రాదు. పైగా 6.0 దీర్ఘకాల మద్దతు వెర్షన్ కాదు. మేము ఇప్పటికే వాడుతున్న 5.2కు 2028 ఏప్రిల్ వరకు మద్దతు ఉంది. ఒక జీడిపప్పు పరిశ్రమ లెక్కలకు 5.2ను వదిలి 6.0కు వెళ్ళవలసిన అవసరం ఇప్పట్లో నాకు కనిపించడం లేదు.

మీరు కొనేటప్పుడు ‘సరికొత్త’ అనే మాటను ఒప్పందంలో ఒప్పుకోకండి. జాంగో వెర్షన్ అంకె, పైథాన్ వెర్షన్ అంకె, ఆ జాంగోకు మద్దతు ముగిసే నెల రాయించుకోండి. తెర మీద కనిపించే అంకెను నమ్మకుండా, వారి కంప్యూటర్‌లోనే జాంగో వెర్షన్ చెప్పే కమాండ్‌ను మీ ఎదుట కొట్టించండి, అర నిమిషం పట్టదు. బ్రౌజర్‌లో తప్పుడు చిరునామా ఒకటి టైపు చేసి చూడండి; పసుపు పట్టీతో ప్రోగ్రామ్‌లోని చిరునామాల జాబితా చూపే పేజీ వస్తే డీబగ్ స్థితిని (తయారుచేసేవారు తప్పులు వెతకడానికి వాడే స్థితిని) ఆపకుండానే మీకు అప్పగించారని అర్థం. మాకు మొదటి ఏడాదంతా అదే పేజీ వచ్చేది, అది కంప్యూటర్ భాష కాబోలని ఊరుకున్నాము. ఇప్పటికే సాఫ్ట్‌వేర్ ఉండి అప్‌గ్రేడ్ చేయించేవారైతే, ముందు నకలు మీద చేయించి, రాత్రి వేళ కొట్టిన పాత బిల్లు ఒకటి తీసి కాగితంతో పోల్చండి. సోర్స్ కోడు, డేటాబేస్ నకలు మీ చేతికి రానిదే చివరి వాయిదా ఇవ్వకండి.

ఒప్పందం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొన్నవారికి మాత్రమే అందులో మినహాయింపు ఉంది. కూలీలను పెట్టుకుని నడిపే పరిశ్రమ ఆ మినహాయింపులోకి రావడం కష్టమని మా న్యాయవాది చెప్పారు. మిగిలిన ఆధారం ఒప్పంద పత్రమే, మా పత్రంలో ఉన్నదేమో ‘సరికొత్త వెర్షన్’ అనే రెండు మాటలు. ఏది సరికొత్తదో అందులో లేదు. అప్‌గ్రేడ్‌కు ఇచ్చిన 18,000, లైసెన్స్ పేరిట తీసుకున్న 6,000 తిరిగి ఇవ్వాలని కోరుతూ, రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఫొటోనూ 7.42 నాటి బిల్లు నకలునూ జతచేసి స్పీడ్ పోస్టులో లేఖ పంపాము. అందినట్లు రసీదు తిరిగి వచ్చింది, జవాబు మాత్రం ఇంకా రాలేదు.